లాడీ వొండ్రాచెక్ ఆవుల లెక్క

ఆడవాళ్ళ వయసూ మగవాళ్ళ జీతమూ అడగకూడదంటారు. నెబ్రాస్కాలోని మా ఇసుకగుట్టల సీమలో వాటికి మూడోది ఒకటి కలుస్తుంది. ఎవరి ఆవుల లెక్కా అడగకూడదు. వాన ఎంత పడింది, గాలిమర నీళ్ళు సరిగ్గా తోడుతోందా, పెళ్ళాం మోకాలి నొప్పి ఎలా ఉంది, ఏదైనా అడగవచ్చు. "మీకెన్ని ఆవులున్నాయి?" అన్నామంటే మాత్రం ఎదుటివాడి జేబులో చెయ్యి పెట్టినట్టే. పట్నం నుంచి వచ్చినవాళ్ళు తెలియక అడిగేస్తుంటారు. అప్పుడు లాడీ వొండ్రాచెక్ టోపీ కాస్త వెనక్కి నెట్టి, "గుట్టకి ఇటు కొన్ని, అటు కొన్ని" అనేవాడు. అతని తండ్రీ అదే మాట అనేవాడు. తాత కూడా అదే అని ఉంటాడు, కాకపోతే చెక్ భాషలో.

అలాంటి మనిషిని ఆ లెక్క కాగితం మీద రాయమన్న కమిటీలో నేనూ ఒకదాన్ని. అందుకే ఈ సంగతి నేనే చెప్పాలి.

నా పేరు నోర్మా. ఒకే గది ఉన్న పల్లె బడిలో పద్దెనిమిదేళ్ళు పాఠాలు చెప్పాను. మా ఆయన వెర్న్, నేనూ ఆవులు మేపుకునే నేలకీ లాడీ నేలకీ మధ్య ఏడు మైళ్ళ కంచె ఉంది. లాడీ నాకంటే రెండేళ్ళు పెద్ద. అయినా నన్ను "టీచరమ్మా" అనే పిలుస్తాడు, అందులో వెక్కిరింతే ఎక్కువ.

లాడీ అసలు పేరు లాడిస్లావ్. ముత్తాత ఒక పెళ్ళాన్నీ ఒక ఇనప పొయ్యినీ వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చి, గడ్డిపెళ్ళలతో గోడలు కట్టుకుని, వొండ్రాచెక్ వంశాన్ని ఈ ఇసుకలో పాతాడు. నలభై తొమ్మిదిలో వచ్చిన పెద్ద మంచుకి లాడీకి ఆరేళ్ళు. తండ్రి నడుముకి తాడు కట్టుకుని ఇంటి నుంచి పశువుల కొట్టానికి వెళ్ళేవాడట, రెండో కొస పట్టుకుని గుమ్మంలో నిలబడడం లాడీ పని. పందొమ్మిదో ఏట వ్యవసాయం చదువుతానని లింకన్ పట్నం వెళ్ళాడు. పదకొండు వారాలకే తండ్రిని గుర్రం తన్నింది. ఇంటికి వచ్చినవాడు మళ్ళీ వెళ్ళలేదు. ఆనాడు తెచ్చుకున్న పెట్టెలో గడ్డి జాతుల గురించిన పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని అట్ట ఊడేదాకా చదివాడు. దారి పక్కన బండి ఆపి, వంగి ఒక పరక తుంచి, దాని పేరూ, అది ఏ నెలలో తియ్యగా ఉంటుందో చెప్పేవాడు. వినేవాళ్ళు లేకపోతే తన గుర్రానికి చెప్పేవాడు.

భార్య ఆర్లీన్ నాకు ప్రాణస్నేహితురాలు. కొడుకు డెన్నీ రైల్వేలో పనిచేస్తూ అలయన్స్ అనే ఊళ్ళో ఉంటాడు. ఆర్లీన్ మంచం పట్టినప్పుడు డెన్నీ కూతురు షెల్బీ, పదమూడేళ్ళది, సాయానికని వచ్చింది. ఆర్లీన్ పోయాక కూడా షెల్బీ వెనక్కి పోలేదు. ఆ పిల్లకి ఆవులు కావాలి, తాత కావాలి, ఆ గడ్డి పుస్తకం కావాలి.

ఆర్లీన్ పోయింది 2011 శరత్కాలంలో. మరుసటి ఏడు కరువు వచ్చింది. జూన్ నెలకే గుట్టలు గోధుమరంగుకి తిరిగిపోయాయి. అందరం ఏదో ఒకటి చేశాం. మా వెర్న్ యాభై ఆవుల్ని మేత కోసం పక్క రాష్ట్రం అయోవాలో ఉన్న తమ్ముడి దగ్గరికి పంపాడు. లాడీ ఏం చేశాడో ఎవరికీ తెలియదు. గుట్టల వెనక ఏముందో దేవుడికే ఎరుక, మనుషులు అడగరు కదా.

ఆ పై ఏడు మే నెలలో లాడీ మమ్మల్ని ముద్రలకి పిలవలేదు.

ఇది ఎంత మాటో చెప్పాలి. మే నెలలో ఒక్కో శనివారం ఒక్కో ఇంట దూడలకి ముద్రలు వేస్తాం. ఇరుగూ పొరుగూ తెల్లారేసరికి గుర్రాలతో దిగుతారు. తాడు విసరడం వచ్చినవాళ్ళు దూడని వెనక కాళ్ళు పట్టి మంట దగ్గరికి లాక్కొస్తారు, కుర్రాళ్ళు ఇద్దరిద్దరు పట్టుకుంటారు, ఒకరు కాల్చిన ఇనుముతో ముద్ర వేస్తారు, ఒకరు సూది వేస్తారు. ఎవరికీ కూలి లేదు. ఈ శనివారం మీ ఇంట, వచ్చే శనివారం మా ఇంట. ఎవరింటి ముద్రలకైనా సూది నాది. మా ఇంట మాత్రం నేను పొయ్యి దగ్గర ఉంటాను కాబట్టి సూది ఆర్లీన్‌ది. మందు సీసా ఒకటి యాభై దూడలకి సరిపోతుంది. వొండ్రాచెక్ వాళ్ళ దొడ్లో ఆరు సీసాలు ఖాళీ అయ్యేవి. ఆ సంగతి నేను వెర్న్‌కి కూడా చెప్పలేదు. మా దొడ్లో ఎన్ని ఖాళీ అయ్యేవో ఆర్లీన్ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

అలాంటిది పిలవకపోవడమంటే మీరు నాకు అక్కర్లేదనడమే. మొదటి ఏడు దుఃఖంలో ఉన్నాడు పాపం అనుకున్నాం. రెండో ఏడు కూడా పిలుపు లేదు. తాతా మనవరాలూ ఇద్దరే దూడల్ని పడదోసి ముద్రలు వేసుకున్నారని తెలిసి నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు వాళ్ళ దొడ్లో దుమ్ము తిన్నదాన్ని. నేను ఊరుకునే రకం కాదు. మా దారుల్లో ఎదురుగా ఏ బండి వచ్చినా స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తుతాం. తెలిసినవాడైనా, తెలియనివాడైనా, కోర్టులో దావా వేసినవాడైనా సరే. నేను లాడీకి వేలు ఎత్తడం మానేశాను. అతను మాత్రం ఎత్తుతూనే ఉన్నాడు. అది చూస్తే ఇంకా మండేది. "అంత పొగరా ఆ మనిషికి!" అని ఇంట్లో అంటే వెర్న్ కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చునేవాడు. నాతో ఏకీభవిస్తున్నాడనుకునేదాన్ని.

ఇక స్కాలర్‌షిప్ సంగతి. మా కౌంటీలో పశువుల కాపు ఇళ్ళ ఆడవాళ్ళ సంఘం ఒకటుంది. నాలుగు తరాలకి తక్కువ కాకుండా ఒకే నేల మీద ఆవుల్ని మేపుతున్న కుటుంబాన్ని ఏటా ఒకదాన్ని ఎంచి, ఆ ఏటి స్కాలర్‌షిప్‌కి ఆ ఇంటి పేరు పెడతాం. ఆ ఇంట్లో వ్యవసాయం చదవబోయే పిల్ల ఉంటే అది ఆ పిల్లకే. కమిటీలో మేం ఐదుగురం. కొత్తగా చేరిన బ్రెండా బ్యాంకు మేనేజరు భార్య, లింకన్ నుంచి వచ్చింది, మంచిదే గానీ పద్ధతుల మనిషి. దరఖాస్తు మరీ చప్పగా ఉందని కొత్తది తయారుచేసి తెచ్చింది. ఏడో ప్రశ్న: "ప్రస్తుతం మీకు ఎన్ని ఆవులు ఉన్నాయి?" దాన్ని చదివి వినిపించే వేళకి మా నలుగురి నోళ్ళ నిండా ఆపిల్ పై ముక్కలున్నాయి. నమిలి మింగేలోపల ఓటింగ్ అయిపోయింది. నేనూ చెయ్యి ఎత్తాను. ఇక్కడ పుట్టి పెరిగినదాన్ని, నాకు బుద్ధి ఉండాలి.

ఆ ఫిబ్రవరిలో వొండ్రాచెక్ వారి దరఖాస్తు వచ్చింది. షెల్బీ దస్తూరి ముత్యాల్లా ఉంది, ఉండదా మరి, చిన్నప్పుడు సెలవులకి తాత ఇంటికి వస్తే అక్షరాలు దిద్దించింది నేనే. గడ్డి నేలల శాస్త్రం చదువుతానని రాసింది. అన్నీ నింపింది, ఏడోది తప్ప. అక్కడ కాగితం రబ్బరుతో రుద్దీ రుద్దీ పలచబడింది. దీపానికి ఎదురుగా పెట్టి చూస్తే లాడీ చేతిరాతలో మూడు వందలు అని కనిపించింది.

ఖాళీ ఉన్న దరఖాస్తు తీసుకోకూడదని రూలు. గడువు ఇంకా నాలుగు రోజులు. స్కాలర్‌షిప్ రాకపోతే షెల్బీ ఈ ఏడు ఆగిపోతానంటోందని డెన్నీ భార్య నాతో ఫోన్‌లో చెప్పింది. ఒక్క ఏడే కదా అందట. ఆగిన చదువు ఎన్నాళ్ళు ఆగుతుందో ఆ ఇంట్లో ఒకడికి బాగా తెలుసు. నా కోపం ఎంతైనా ఉండనీ, కాగితం సంచిలో పెట్టుకుని బండి తీశాను.

లాడీ వంటింట్లో కూర్చుని కళ్ళెం తోలు కుడుతున్నాడు. షెల్బీ నన్ను చూసి గబగబా కుర్చీ లాగింది.

"ఏం టీచరమ్మా, దారి తప్పావా?" అన్నాడు.

"ఏడో ప్రశ్న ఖాళీగా ఉంది. రాయించుకుపోదామని వచ్చా."

"అది ప్రశ్న కాదు, సిగ్గుమాలినతనం."

"నిజమే. దానికి నేను కూడా చెయ్యెత్తాను. అయినా రాయకపోతే కాగితం పక్కన పడేస్తారు."

"పడెయ్యనీ."

షెల్బీ గోడకి ఆనుకుని నిలబడి నెమ్మదిగా అంది. "తాత మూడొందలని రాశాడు టీచర్. కింద నేను సంతకం పెట్టాలిగా. పెట్టనన్నాను."

ఆ వంటింట్లో ఆర్లీన్ గడియారం టిక్కుటిక్కుమంటోంది. నా డెబ్భై ఏళ్ళ బతుకులో ఎన్నడూ ఎవరినీ అడగని మాట అప్పుడు అడిగాను. "ఎన్నున్నాయి లాడీ?" అడిగాక నా నాలుక మీద నాకే సిగ్గు వేసింది.

అతను కళ్ళెం పక్కన పెట్టి, టోపీ తీసుకుని, "రా" అన్నాడు. అతని పాత బండిలో రెండు గుట్టలు దాటి లోయలోకి దిగాం. బండి చప్పుడు వినగానే ఆవులు ఎండుగడ్డి కోసం నడిచి వచ్చి చుట్టూ చేరాయి. నల్లటివి, నున్నగా, చూడి పొట్టలతో కళకళలాడుతున్నాయి. మిగతావి గుట్ట వెనక నుంచి వస్తాయని ఎదురుచూశాను. ఏమీ రాలేదు. లాడీ ఇంజన్ ఆపి కిటికీలోంచి అటువైపు చూస్తూ కూర్చున్నాడు. నోటితో చెప్పలేక నన్ను లెక్కపెట్టుకోమంటున్నాడు. లెక్కపెట్టాను. నలభై ఒకటి.

"కరువు ఏడు అమ్మేశా. ఉంచుకుంటే గడ్డిని వేళ్ళతో సహా పీకి తినేవి. ఆవులు మళ్ళీ పుడతాయి టీచరమ్మా. ఇసుక ఒకసారి లేచిందంటే షెల్బీ మనవరాళ్ళ కాలానిక్కూడా కూర్చోదు."

ఆ తర్వాత ఎండుగడ్డి కోసి అమ్ముకుంటూ, వేసవిలో పరాయివాళ్ళ కోడెల్ని కొద్దికొద్దిగా మేపిపెడుతూ నెట్టుకొచ్చాడట. ఒక్క ఎకరం అమ్మలేదు. నా కళ్ళతో చూశాను, ఆ లోయలో మంచు కరిగినచోటల్లా పాత గడ్డి మోకాలెత్తు నిలబడి ఉంది. మా వైపు కంచెకి ఇవతల అంత లేదు.

"మరి మమ్మల్నెందుకు పిలవడం మానేశావు?" అన్నాను.

"ముద్రలకి పిలిస్తే నీ చేతిలో ఒక్క సీసా కూడా ఖాళీ అయ్యేది కాదు. నాలుగు తరాలవాళ్ళు కూడబెట్టింది నా చేతుల్లో ఇంతయిందని మీ అందరి ముందూ దొడ్లో నిలబెట్టి ఎలా చూపించను?"

"నీకు పొగరనుకున్నా లాడీ."

"అనుకుంటావని తెలుసు. పొగరనుకుంటే పర్లేదనుకున్నా."

నాకు ఏడుపు వచ్చింది. ఏడాదిగా ఎత్తని వేలు గుర్తుకొచ్చి తల కొట్టేసినట్టయింది. అతనికి భయం మరొకటి కూడా ఉంది. ఆ అంకె రాస్తే, మందలు మేపే రాంచా ఇది, పెరటి పశువులు అని కమిటీ కొట్టేస్తుంది, ఊరంతా తెలుస్తుంది, షెల్బీకి చదువూ దక్కదు, వంశానికి పేరూ దక్కదు. అలా జరగదని నేను మాట ఇవ్వలేకపోయాను. ఇంటికి తిరిగొచ్చాక షెల్బీ పెన్ను అందించింది. లాడీ నలభై ఒకటి అని రాశాడు, అంకెల్లో కాదు, అక్షరాల్లో. షెల్బీ సంతకం పెట్టింది.

కమిటీ చర్చి వెనక గదిలో కూర్చుంది. ఆ అంకె నేనే చదివాను. ముగ్గురు తలలు వంచుకుని బల్ల మీద గీతలు చూశారు. బ్రెండా మాత్రం, తప్పుపట్టే గొంతుతో కాదు గానీ, నలభై ఒక్క ఆవులుంటే దాన్ని రాంచ్ అనవచ్చా అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. నేను లేచి నిలబడ్డాను. బడిలో తప్ప ఎప్పుడూ నిలబడి మాట్లాడింది లేదు. మనం గౌరవిస్తామంటున్నది ఆవుల్నా, నేలని నిలబెట్టినవాళ్ళనా అని అడిగాను. కరువులో ఆవుల్ని ఉంచుకుని గడ్డిని పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, మొహమాటానికి పేర్లు చెప్పను గానీ ఈ బల్ల చుట్టూనే ఉన్నారు, నాతో సహా అన్నాను. గడ్డిని ఉంచుకుని పరువు పోగొట్టుకున్నవాడు ఒక్కడే అన్నాను. ఆ గడ్డిని చదువుకోవడానికే ఆ పిల్ల వెళ్తానంటోంది అని కూర్చున్నాను.

బ్రెండా అందరికంటే ముందు చెయ్యి ఎత్తింది. ఆ ఏటి స్కాలర్‌షిప్‌కి వొండ్రాచెక్ వారి పేరు పెట్టాం. అది షెల్బీకి వెళ్ళింది.

ఏడో ప్రశ్న తీసేయిస్తానని లాడీకి చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు. "ఉండనీ. అడిగితేనన్నా చెప్పడం వస్తుంది" అన్నాడు.

మే నెల మొదటి వారంలో మా ఇంట ఫోన్ మోగింది. "శనివారం ముద్రలు. సూది నీదే" అని పెట్టేశాడు. రెండేళ్ళు మానేసిన పిలుపు కదా, ఒక్క ఇల్లు కూడా మిగలకుండా అందరికీ చేశాడని తర్వాత తెలిసింది. తెల్లారేసరికి అతని దొడ్డి చుట్టూ గుర్రాలు, బండ్లు, కుక్కలు. బ్రెండా కూడా ఒక గిన్నె పట్టుకుని వచ్చింది, తెల్ల చెప్పులు వేసుకుని. లాడీ తన తాడు తీసి షెల్బీ చేతికి ఇచ్చాడు. మొదటి దూడని లాగేది ఇంటి యజమాని. ఆ పిల్ల గుర్రం ఎక్కి, రెండు విసుర్లు గురి తప్పి, మూడోసారి పట్టింది.

దూడలు ముప్పై తొమ్మిది. మనుషులు నలభై ఆరుగురు. పట్టుకోవడానికి దూడలు చాలక కుర్రాళ్ళు వంతులు వేసుకున్నారు. గంటన్నరలో అయిపోయింది. నా సీసాలో ఇంకా మందు మిగిలింది. సీసాకి మూత పెట్టి సంచిలో వేసుకున్నాను.

భోజనాలకి చెట్ల నీడన పొడుగు బల్లలు వేశారు. వేపిన మాంసం, బంగాళాదుంపలు, ఆర్లీన్ పద్ధతిలో షెల్బీ చేసిన కొలాచీలు, గసగసాలు నింపిన చెక్ తీపి రొట్టెలు. అందరూ వానల గురించే మాట్లాడుతున్నారు. లాడీ లేచి నిలబడ్డాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆవులు నలభై ఒకటి. దూడలు ముప్పై తొమ్మిది. రెండు మంచులో పోయాయి. అంతే నాకున్నది." "వచ్చినందుకు సంతోషం" అని కూర్చున్నాడు.

మా సీమలో ఒక మగవాడు ఆ మాట నలుగురిలో పైకి చెప్పగా నేను వినలేదు, మా అమ్మ కూడా విని ఉండదు. ఎటు చూడాలో తెలియక నా కంచంలోకి చూసుకున్నాను.

అప్పుడు నా పక్కన వెర్న్ గొంతు సవరించుకున్నాడు.

"మావి నూట తొంభై" అన్నాడు. "అయోవాలో తమ్ముడి దగ్గర ఏమీ లేవు. కరువు ఏడే అమ్మేశా."

రెండో బల్ల దగ్గర నుంచి మరొకాయన ఎనభై ఆరు అన్నాడు. చివరనుంచి ఇంకొకాయన నూట ముప్పై, అందులో సగం బావమరిదివి అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు చెబుతూ పోయారు. సూది పట్టినదాన్ని, అవన్నీ నాకు తెలిసిన లెక్కలే. తెలియనిది ఒక్కటే, మా ఇంటిది. ఆర్లీన్ ఉండి ఉంటే ఆ మే నెలలోనే ఖాళీ సీసాలు చూసి కనిపెట్టేది. కనిపెట్టి కూడా నాకు చెప్పేది కాదు.

సాయంత్రం ఇంటికి బయలుదేరాం. వెర్న్ బండి నడుపుతూ ముందుకే చూస్తున్నాడు. ఎప్పుడు అమ్మావు, ఎవరికి అమ్మావు, నాకెందుకు చెప్పలేదు అని నేను అడగలేదు. లాడీని పొగరుబోతని నేను తిట్టిన ప్రతిసారీ ఈయన కాఫీ కప్పులో ఏం చూసుకున్నాడో ఇప్పుడు తెలిసింది. చెయ్యి చాపి స్టీరింగ్ మీద ఉన్న ఆయన చేతి మీద వేశాను. కొంతదూరం పోయాక ఎదురుగా ఎవరిదో బండి వచ్చింది. నా అరచేతి కిందనుంచే ఆయన వేలు లేచింది.